దుప్పి పడిందని మెసేజ్ పెట్టాక

కాదు నరసింహా, అసలు ఆస్ట్రేలియాలో మాంసం కొట్టు పెట్టుకుని, బయట అంత బారు బోర్డు కట్టుకుని, దుప్పి మాంసం లేదంటే ఎలాగయ్యా? కోడి ఉంది, మేక ఉంది, గొర్రె ఉంది, ఆఖరికి కౌజులు కూడా ఉన్నాయి. ఒక్క దుప్పి దగ్గరికొచ్చేసరికి చేతులెత్తేస్తే మాబోటి వాళ్ళం ఎక్కడికి పోవాలి? అడవికా?

అడవి నుంచే వస్తున్నాను. అదే కదా నా గోల.

ముందా తలుపు కాస్త దగ్గరికి వెయ్యి. క్రాన్‌బర్న్ తెలుగువాళ్ళలో సగంమంది శనివారం సాయంత్రం నీ కొట్టు ముందే కనబడతారు. ఇక్కడ నన్ను చూశారంటే అయిపోయానే! "ఏమండీ ద్వారకానాథ్ గారూ, దుప్పిని పడగొట్టిన మనిషి మాంసం కొట్లో లైను కట్టాడేమిటండీ" అని అడుగుతారు. ఏం చెప్పను? దుప్పికి తోడుగా పెట్టడానికి మేకని కొంటున్నానని చెప్పనా?

ఈ నారింజ రంగు చొక్కా ఏంటంటావా? వేటకి ఇదే వేసుకోవాలట. దుప్పికి ఈ రంగు తెలీదట, తోటి వేటగాడికి మాత్రం మైలు దూరానికి తెలుస్తుందట. నాకైతే అద్దంలో పెద్ద బత్తాయిపండు కనబడింది. నవ్వకు.

నవ్వు ఆపి చెప్పు, ఏ ఫామ్ నుంచైనా ఇప్పటికిప్పుడు తెప్పించగలవా? ముందే చెప్పాలా? ముందే ఎలా చెబుతానయ్యా! ముందే నీకు చెబితే దాన్ని వేట అంటారా, క్యాటరింగ్ అంటారా?

ఇదంతా చలపతి పుణ్యం. మాది నెలకొకరింట్లో భోజనాల పద్ధతి, నీకు తెలుసుగా. పోయిన నెల వాళ్ళింట్లో. తనే సముద్రంలో పట్టానని ఒక చేపని తెచ్చి బల్ల నడిమధ్యన పెట్టాడు. చేప మామూలుదే. కథ మాత్రం తిమింగలం. కూరలు చల్లారిపోయాయి, పిల్లలు నిద్రపోయారు, ఆయన గాలం ఇంకా నీళ్ళలోంచి పైకి రాలేదు. మళ్ళీ అందరూ "అబ్బా! తర్వాత?" అని ఒకటే అడగడం.

నా నోరు ఊరుకుంటుందా?

"చేపదేముంది చలపతీ, నీళ్ళలో దారం వదిలి కునుకు తీస్తే అదే వస్తుంది. ఎదురుగా నిలబడి కొట్టాలి గానీ! వచ్చే నెల మా ఇంట్లో దుప్పి మాంసం. నేను కొట్టిన దుప్పి" అనేశాను. ఒట్టు నరసింహా, ఆ మాట నా నోట్లోంచి వచ్చాక అందరితోపాటు నేనూ మొదటిసారి విన్నాను.

కుసుమ పెరుగు వడ్డిస్తోంది. గరిటె ఒక్క క్షణం ఆగింది. నా వంక చూసింది. మళ్ళీ వడ్డించుకుంటూ పోయింది. మా ఆవిడ అంతే, ఏదీ పైకి అనదు. మా అమ్మాయి అక్షర ఉందిగా, యూనివర్సిటీకి వెళ్తోంది, అదైతే అందరి ముందూ, "డాడ్, యూ కాంట్ ఈవెన్ రివర్స్ పార్క్" అంది. అందరూ నవ్వారు. చలపతి అయితే తిన్నది పొలమారేదాకా నవ్వాడు.

అక్కడ బిగుసుకుందయ్యా నాకు పంతం.

లైసెన్సా? ఉంది, ఎందుకు లేదు! మా ఆఫీసులో గ్లెన్ అని కేబుళ్ళ పని చూసే ఆయన ఉన్నాడు. వాళ్ళది తాతల నాటి నుంచీ వేటాడే ఇల్లు. ఆయన మాట మీదే అప్పట్లో తుపాకీ క్లబ్బులో చేరాను. అక్కడ మట్టి పళ్ళేలు గాల్లోకి విసురుతారు, మనం వాటిని కాల్చాలి. ఆ క్లబ్బులో నా చేతిలో ప్రాణం పోయిన పళ్ళెం ఒక్కటీ లేదు. కింద పడి పగిలినవి వాటి ఇష్టం.

దుప్పిని వేటాడటానికి వేరే లైసెన్సు ఉంది, అదీ తీసుకున్నాను. మన దేశంలో దుప్పి జోలికి వెళితే జైలు. ఇక్కడ కొండ కింది రైతులు, బాబ్బాబూ వచ్చి నాలుగు కొట్టుకుపోండి, పంటంతా మేసేస్తున్నాయి అంటారు. ఇక్కడి దుప్పిని సాంబర్ అంటారు. మన కణుజు జాతే. ఆ పేరు విని మా ఇంట్లో నవ్వనివాళ్ళు లేరు, నువ్వూ ఓసారి నవ్వేసుకో, ముందుకు పోదాం.

అయిందా?

"గ్లెన్, దుప్పికి రైఫిల్ కావాలేమో కదా" అన్నాను, నాకు రైఫిల్ లేదు కాబట్టి ఈ గండం తప్పుతుందేమోనని. "అక్కర్లేదు మేట్. మనం వెళ్ళేది చిక్కటి పొదల్లోకి. అక్కడ దుప్పి కనబడితే ముక్కు ముందే కనబడుతుంది. నీ షాట్‌గన్నే తెచ్చుకో, స్లగ్ వేద్దాం" అన్నాడు.

స్లగ్ అంటే నీకు ఎలా చెప్పాలి... మామూలు షాట్‌గన్ తూటా ఉంది చూడు, అది పోపులో ఆవాలు చిట్లినట్టు. గుళ్ళు నలుదిక్కులా ఎగురుతాయి. పిట్టకి అది చాలు. దుప్పికి మాత్రం అవి తలంబ్రాలు. స్లగ్ అలా కాదు. తూటా మొత్తానికీ ఒకటే ముద్ద. కుంకుడుకాయంత సీసం. దూరం పోలేదు, కాస్త పోగానే ఆయాసపడి కిందికి వాలిపోతుంది, నాలాగే. కానీ దగ్గర్లో తగిలిందా, గేదెనైనా అక్కడికక్కడే కూర్చోబెడుతుంది.

అవతల గేదెని కూర్చోబెట్టే ముందు ఇవతల కాల్చినవాణ్ణి పడుకోబెడుతుంది. అది ఎవడూ చెప్పడు.

పోయిన వారం గ్లెన్ వాళ్ళ బావమరిది పొలంలో అట్టపెట్టె పెట్టి సాధన చేయించాడు. ఒకే ఒక్కటి పేల్చానయ్యా. ఇదిగో, ఈ భుజం చూడు. చూశావా? గుత్తివంకాయ రంగు. అటు తిరిగి పడుకుంటే అమ్మా, ఇటు తిరిగి పడుకుంటే అయ్యా. కుసుమ రోజూ ఉప్పు కాపడం పెడుతోంది, ఒక్క మాట అడక్కుండా.

అట్టపెట్టెకా? దానికేమైంది, నిక్షేపంలా ఉంది. బావమరిది ఇంటికి తీసుకెళ్ళి అందులో కోడిపిల్లల్ని పెట్టుకున్నాడు.

సరే, ఇవాళ పొద్దున సంగతికొద్దాం. నువ్వు కొట్టుకో, నేను చెబుతూంటాను. గిప్స్‌లాండ్ కొండల్లో ఒక వాగు. వాగు పక్కన ముళ్ళపొదలు. గ్లెన్ ముందు, నేను వెనక. అడుగు తీసి అడుగు వేస్తున్నాం. ఉన్నట్టుండి గ్లెన్ చెయ్యెత్తాడు.

ఎదురుగా ఉంది.

ఎంత దూరమంటావా? ఈ కౌంటర్ నుంచి నీ ఫ్రీజర్ దాకా, దాని మీద ఇంకో ఫ్రీజర్. అంతే. గేదెంత ఉంది నరసింహా! తల మీద చింతకొమ్మ నరికి పెట్టినట్టు కొమ్ములు. పొదలో ఆకులు మేస్తోంది, మా ఇంటికొచ్చిన చుట్టాలు పకోడీలు తిన్నట్టు, తలెత్తకుండా. గ్లెన్ నా వైపు తిరిగి, ఇక నీదే అన్నట్టు కళ్ళతో సైగ చేశాడు. వేలుపెట్టి చూపిస్తే వేలు దానికి తగిలేట్టుంది. ఇంత దగ్గర్లో నేను కూడా తప్పలేనని నాకే అర్థమైంది.

తుపాకీ ఎత్తాను. భుజానికి ఆనించాను. భుజం "వద్దురా నాయనా" అంది. అయినా ఆనించాను. దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. వేలు ట్రిగ్గర్ మీదికి పోతోంది...

గ్లెన్ తుమ్మాడు.

ఒంటి తుమ్ము!

వాగు హోరులో దుప్పికి వినబళ్ళేదు. నాకు వినబడింది. మరి నేనేం చెయ్యను? నువ్వే చెప్పు, పని మొదలుపెడుతుంటే ఒంటి తుమ్ము వినబడితే మనం ముందుకు పోతామా? మా అమ్మమ్మ నన్ను మొదటి ఇంటర్వ్యూకి పంపిస్తుంటే పక్కింటాయన తుమ్మాడు. నన్ను కూర్చోబెట్టి, నీళ్ళు తాగించి, ఇంకో తుమ్ము వస్తుందేమోనని ఆయన గుమ్మం ముందు కాపలా కాసింది. రెండోది వస్తే శుభం కదా. బస్సు పోయింది, ఉద్యోగం పోయింది. అయినా "తుమ్మినా వెళ్ళుంటే ఇంకెంత ఘోరం జరిగేదో" అంది. అలాంటి ఇంట్లో పెరిగినవాణ్ణి. ఇక్కడికొచ్చి సిటిజన్‌షిప్ తీసుకున్నాను గానీ, తుమ్ము ఏ పాస్‌పోర్టు చూసి ఆగుతుందయ్యా?

తుపాకీ దించేశాను.

"ఏమైంది మేట్?" అన్నాడు గ్లెన్ గుసగుసగా.

"నువ్వు తుమ్మావు. ఇప్పుడు కూర్చుని నీళ్ళు తాగాలి" అన్నాను.

నన్ను చూశాడు. దుప్పిని చూశాడు. మళ్ళీ నన్ను చూశాడు. కాసేపు ఆలోచించి, "ఇదేమన్నా సేఫ్టీ థింగా?" అన్నాడు.

"అవును" అన్నాను.

అంతే! మనిషి మొహమే మారిపోయింది. ఈ దేశంలో దేవుడంటే భుజాలెగరేస్తారు గానీ సేఫ్టీ అంటే టోపీ తీస్తారు. "ఫెయిర్ ఇనఫ్. అయితే ముందు తూటా బయటికి తియ్యి" అన్నాడు. తుపాకీ మడత విప్పి, స్లగ్ తీసి జేబులో వేసుకున్నాను. ఇద్దరం గడ్డిలో చతికిలబడి నీళ్ళు తాగాం. అవతల అది మేస్తోంది, ఇవతల మేం తాగుతున్నాం. ఎవరి పని వాళ్ళది.

నిజం చెప్పనా? ఆ తుమ్ము వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. తుమ్మకపోతే కాల్చాలిగా. కాలిస్తే భుజం ఉంటుందా? దుప్పి మీద జాలి అనుకునేవు, అంత గొప్పవాణ్ణి కాదు. జాలంతా నా ఎముకల మీదే.

గ్లెన్‌కి పాపం ముక్కు కారిపోతోంది. వసంతం కదా, పసుపు పూల చెట్లన్నీ విరబూసి పుప్పొడి గాల్లో ఉంది. నా దగ్గర విక్స్ ఇన్‌హేలర్ ఉంటే ఇచ్చాను. రెండు ముక్కుల్లోనూ పెట్టుకుని దీర్ఘంగా పీల్చి, కళ్ళలో నీళ్ళు తెచ్చుకుని, తిరిగిచ్చేశాడు. అదీ జేబులో వేసుకున్నాను. అదే జేబులో.

ఆగు, అప్పుడే అర్థమైపోయినట్టు ఆ చూపేంటి?

ఇక ఊరికే కూర్చుంటే చెయ్యి ఊరుకోదు కదా. ఫోన్ తీశాను. కొండల్లో సిగ్నల్ ఎక్కడిదంటావు. అదే నా ఖర్మ! ఇంట్లో అయితే కిటికీ గట్టెక్కితే గానీ రాదు, అక్కడ మాత్రం గీతలన్నీ నిండుగా ఉన్నాయి. ఎదురుగా దుప్పి, చేతిలో తుపాకీ, జేబులో స్లగ్. ఇంకేం మిగిలింది? లాంఛనమే కదా. మా భోజనాల గ్రూపులో పెట్టేశాను: "దుప్పి పడింది. రాత్రికి అందరూ ఖాళీ కడుపులతో రండి."

పడలేదు కదా సార్ అంటావేం! నేను చేసే పని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. రేపు అయ్యే పనికి ఇవాళే "అయిపోయింది" అని పెట్టేయడం మాకు అలవాటు.

నీళ్ళు తాగడం అయింది. లేచాను. జేబులో చెయ్యి పెట్టి, తీసి, గొట్టంలో వేసి, మడత మూసేశాను. ఎత్తాను. గురి చూశాను. ఈసారి ఎవరూ తుమ్మలేదు.

మోగడం మొదలైంది.

నా ఫోనే. కుయ్. కుయ్. కుయ్ కుయ్ కుయ్. అందరూ అభినందిస్తున్నారు! ఇంకా చావని దుప్పికి నన్ను అభినందిస్తున్నారు, అది వింటోంది! మేత ఆపి తలెత్తింది. ఆ వెంటనే చలపతి ఫోన్ చేశాడు. చలపతికి నేను పెట్టిన రింగుటోను ఏంటో తెలుసా? నాదస్వరం. వాళ్ళమ్మాయి పెళ్ళిలో పెట్టుకున్నాను, మార్చడం మర్చిపోయాను. అడవంతా మంగళవాద్యాలు. ఆ దుప్పి అక్షింతల కోసం చూస్తున్నట్టు నా వైపే చూస్తోంది.

ఇక తప్పదని కళ్ళు గట్టిగా మూసుకుని, పళ్ళు బిగించి, భుజాన్ని దేవుడికి అప్పజెప్పి నొక్కేశాను.

టక్.

అంతే. టక్.

దుప్పి ఒక్క అరుపు అరిచింది, లారీ హారన్‌లా. పొదలన్నీ చీల్చుకుంటూ పోయింది. నేను తుపాకీ దించాను. దించగానే గొట్టంలోంచి జారుకుంటూ ఏదో వచ్చి నా బూటు మీద పడింది.

విక్స్ ఇన్‌హేలర్.

తలుపు వేయమన్నది ఎందుకనుకున్నావు! నువ్విలా ఆ మాంసం కొట్టే దుంగ పట్టుకుని నవ్వుతుంటే వీధంతా వస్తుంది. ఇంతకీ రెండింటి లావూ ఇంచుమించు ఒకటేనయ్యా. కళ్ళు దుప్పి మీదుంటే వేళ్ళకేం తెలుస్తుంది?

గ్లెన్ వంగి దాన్ని తీసుకున్నాడు. దాన్నీ నన్నూ మార్చి మార్చి చూశాడు. ఆఖరికి మూత తీసి మళ్ళీ ఒకసారి పీల్చి, "బట్ ఇట్ వర్క్స్ వెల్" అన్నాడు. మంచివాడు. దారిపొడుగునా ఆ సంగతి ఎత్తలేదు. దాన్ని మాత్రం తిరిగివ్వలేదు.

అప్పుడే గ్రూపులో నిజం చెప్పేయొచ్చు కదా అంటావు. చెబుదామనే ఫోన్ తీశాను. అప్పటికే ఫొటో ఏదీ అని అడుగుతున్నారు. బ్యాటరీ అయిపోయిందని జవాబు పెట్టాను. ఏ బ్యాటరీతో ఆ జవాబు పెట్టానో ఒక్కళ్ళూ అడగలేదు, మా వాళ్ళంతా ఇంజినీర్లు. ఇంకా కిందికి చూస్తే చలపతి మెసేజ్: "ఆ రోజు నవ్వినందుకు సారీ బావా. రెస్పెక్ట్." వాడు నన్ను బావా అన్నది ఇదే మొదలు.

పోనీ చలపతి సంగతి వదిలెయ్. దాని కింద అక్షర పెట్టింది.

"డాడ్. వావ్."

రెండే ముక్కలు. నవ్వే బొమ్మలూ లేవు, ఏవీ లేవు. సైకిల్ వెనకాల పట్టుకుని పరిగెత్తిన రోజుల్లో అన్నదయ్యా ఆ మాట నన్ను. పెద్దదయ్యాక నేను మాట్లాడితే కళ్ళు పైకి తిప్పడమే. కారు రోడ్డు పక్కన ఆపించి, ఆ ముక్క మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను. ఇక నిజం ఎలా చెప్పను? నువ్వైతే చెబుతావా?

అందుకే నీ కాళ్ళ మీద పడుతున్నాను తమ్ముడూ. దుప్పి లేకపోతే మానె, మేకే ఇవ్వు. కాకపోతే చిన్న ముక్కలు కొట్టకు. తొడలు తొడలుగా, మోటుగా, కొండ మీద గొడ్డలితో కొట్టినట్టుండాలి. ఒక చోట బెజ్జం కూడా పెట్టిపెట్టు. కుంకుడుకాయంత. స్లగ్ తగిలిన చోటు అని చూపించుకుంటాను. నీ దగ్గర డ్రిల్లు లాంటిదేమన్నా... లేదా? పోనీ ఏదైనా మేకు?

తల అడ్డంగా ఊపుతావేం? మేక కూడా అయిపోయిందా? మరి ఆ వేలాడుతున్నదేంటి?

అక్కర్లేదా? అక్కర్లేకపోవడమేంటి! రాత్రికి ఇంటినిండా జనం.

ఏంటీ... మళ్ళీ చెప్పు.

కుసుమ ఫోన్ చేసిందా? ఎప్పుడు? గురువారమా? గురువారానికి నేనింకా ఇంట్లోనే ఉన్నాను కదయ్యా! బట్టలు సర్దుకుంటున్నాను. బయల్దేరేటప్పుడు గుమ్మం దాకా వచ్చి బొట్టు పెట్టింది, "జాగ్రత్తగా వెళ్ళి, మంచి దుప్పిని చూసి కొట్టండి" అంది!

ఏం చెప్పింది? ఆవిడ మాటల్లోనే చెప్పు. "మేకనే పెద్ద ముక్కలు కొట్టు నరసింహా, అడవి జంతువులా కనబడాలి. ఆయనొస్తే చెప్పకు." అలాగా. కాపడం పెట్టినన్నాళ్ళూ నోరు మెదపనిది ఇందుకన్నమాట. మరి నేను అట్టపెట్టెని తప్పానని ఎవరు చెప్పారు ఆవిడకి? ఎవరూ చెప్పక్కర్లేదులే. పెళ్ళైన దగ్గర్నుంచీ చూస్తూనే ఉంది, చెత్తబుట్టలోకి విసిరిన కాగితం ఎక్కడ పడుతుందో.

మరి ఆ మాంసమేదీ? ఇవ్వు, నేనే పట్టుకెళ్తా.

పట్టుకెళ్ళిపోయారా? ఎవరు?

అక్షరా?

పొద్దున్నే వచ్చిందా? కొట్టు తీయగానే? అంటే... ఉండు, ఉండు. నేను మెసేజ్ పెట్టేసరికి అది సంచీ పట్టుకుని ఇంటికి వెళ్ళిపోయి ఉంటుంది. ఫ్రిజ్‌లో మేకని సర్దేసి, చేతులు కడుక్కుని, అప్పుడు పెట్టిందన్నమాట ఆ వావ్.

ఊరికే అలా పెట్టిందంటావా? వెటకారమా? వెటకారమైతే బొమ్మ పెట్టేది. దానికి బొమ్మ లేకుండా వెటకారం చెయ్యడం రాదు. మరి... నేను సంతోషపడతానని పెట్టిందా?

నాకేం తెలుసయ్యా. నన్నడుగుతావేం, దాన్నడుగు. వద్దులే, అడక్కు.

కుర్చీ ఉంటే ఇటు వెయ్యి, ఒక్క నిమిషం కూర్చుంటాను. తుమ్ము కోసం కాదు.

ఇక చేసేదేముంది. రాత్రి చలపతి ఎదురుగా కూర్చుంటాడు. కుసుమ మొహంలో ఏమీ కనబడనివ్వకుండా వడ్డిస్తుంది. అక్షర నా వైపు చూస్తుంటుంది. మొదటి ముద్ద నేనే నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, "అబ్బా, ఎంతైనా అడవి మాంసం రుచే వేరు" అంటాను. అనక చస్తానా? అనకపోతే ఆ తల్లీకూతుళ్ళు ఊరుకోరు. నా పరువు కోసం పాపం గురువారం నుంచీ కష్టపడుతున్నారు.